కోళ్ల గూడు కింద

“పందికొక్కు గుడ్లెట్ల ఎత్తుకపోతది? దానికేమన్న చేతులున్నయా?” అంది సఫియా బేగం.

పదిహేను రోజులుగా జఫర్‌గఢ్‌లోని ఆమె పెరట్లో కోళ్లు పెట్టిన గుడ్లు మాయమవుతున్నాయి. ఆ పెరట్లో తిరిగేది ఇద్దరే. ఒకరు ఆమె, ఇంకొకరు వెనక గదిలో అద్దెకుంటున్న నీలి.

“గూడు కింద బొక్క చూడమ్మా. మా తండాల గిసుంటియి మస్తు చూసిన,” అంది నీలి.

“బొక్క ఎవరన్న తవ్వొచ్చు.”

నీలి తను కూలికి తీసుకుపోయే గడ్డపార తెచ్చి, గూడు పక్కకు జరిపి తవ్వసాగింది. సఫియా బేగం ఆమె చేతుల మీది నుంచి చూపు తిప్పలేదు.

మూరెడు లోతున మట్టి కూలింది. పిల్లి పిల్లంత పందికొక్కు ఒకటి ఇద్దరి మధ్య నుంచి ఉరికి, గోడ పక్క తుప్పల్లో దూరింది. బొరియ నిండా గుడ్డు పెంకులే.

“యా అల్లా! నిన్ను అనుమానపడ్డ బిడ్డా. తప్పయింది,” అంది సఫియా బేగం తల దించుకుని.

నీలి బొరియలో చెయ్యి పెట్టింది. పెంకుల అడుగు నుంచి సగం కొరికిన సబ్బు తీసింది. తర్వాత ఇంకొకటి.

“నల్లా కాడ పెట్టిన సబ్బులమ్మా. నువ్వే తీసుకుంటున్నవనుకున్న. అందుకే రోజూ గదికి తాళమేసి పోతున్న,” అంది మెల్లగా.

సఫియా బేగం బిత్తరపోయి చూసింది. నీలి పక్కనే మట్టిలో కూలబడి, గట్టిగా ఊపిరి వదిలింది.

“నువ్వు గూడ నన్ను అనుమానపడ్డది మంచిగైంది బిడ్డా. ఇంట్ల నేనొక్కదాన్నే చెడ్డదాన్ననుకున్న.”