హస్తవాసి

రాత్రి వార్డులో దీపాలు తగ్గించేశారు. అన్న మంచం పక్కన స్టూలు మీద తమ్ముడు కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే సెలూన్‌లో పక్కపక్కన నిలబడి జుట్టు కత్తిరించేవాళ్లు. మర్దనా చేయడంలో తమ్ముడి చేతికి పెద్ద పేరు.

ఆ చేత్తోనే, అన్న మోకాలి వెనక నిమ్మకాయంత గడ్డ ఎగిరెగిరి కొట్టుకుంటుంటే రోజూ పిసికాడు. ఒకనాడు అది కొట్టుకోవడం ఆగింది. "హమ్మయ్య, తగ్గిపోయింది! డాక్టరెందుకు, నా హస్తవాసి చాలదూ?" అన్నాడు. పాదం చల్లబడితే వేడినీళ్ల సంచి పెట్టాడు. నల్లబడ్డాక గాని ఆసుపత్రికి తీసుకురాలేదు.

"అది ఉబ్బిన రక్తనాళం. నెత్తురు గడ్డకట్టి మూసుకుపోయింది. కాలు దక్కదు, తీసేస్తేనే మనిషి దక్కుతాడు," అన్నాడు సర్జన్. "రెండో మోకాలి వెనకా అలాంటిదే ఉంది. దాన్ని ఎవరూ నొక్కకుండా చూడండి, ఆ కాలినైనా కాపాడుకుందాం."

నిన్న నల్లబడ్డ కాలు తొడ దగ్గర తీసేశారు. పిసికిన సంగతి తమ్ముడు ఎవరికీ చెప్పలేదు.

"ఒరేయ్, కాలు లాగేస్తోందిరా. కాస్త పట్టు," అన్నాడు అన్న, కళ్లు మూసుకునే.

లాగుతోందన్నది తీసేసిన కాలేనని తమ్ముడికి అర్థమైంది. దుప్పటి చదునుగా పరుచుకున్నచోట చెయ్యి పెట్టాడు.

అరచేతి కింద ఏదో కొట్టుకుంటోంది.

తన చేతి నాడేమో అనుకుని చెయ్యి తీసి, మళ్లీ పెట్టాడు. అదే చోట, అదే నిమ్మకాయంత గడ్డ. నర్సుని పిలుద్దామనుకున్నాడు గాని, వేళ్లు వాటంతటవే పిసకడం మొదలుపెట్టాయి. కాసేపటికి ఆ కొట్టుకోవడం ఆగింది.

"హమ్మయ్య, తగ్గిపోయింది," అన్నాడు అన్న నిద్రమత్తులో. "నీ హస్తవాసే వేరురా. ఇక రెండో కాలు పట్టు."