బెంచీ మధ్య కడ్డీ

వెల్డరు కొట్టిన సమ్మెట దెబ్బకి బెంచీ మధ్యనున్న ఇనపకడ్డీ సగం ఊడింది. కార్లు రాకుండా, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వదిలిన ఆ కొత్త కూడలికి నక్షా గీసిన ఇంజినీరు పరుగున వచ్చి వెల్డరు చెంప పగలగొట్టాడు.

"నీ చేత్తో అతికిందాన్ని నువ్వే విరగ్గొడతావా?"

వెల్డరు నోట్లోని నెత్తురు ఉమ్మేశాడు. "మీరు గీసినట్టే అతికాను సార్. జనం కలిసి కూర్చునే బెంచీకి మధ్యలో అడ్డమెందుకు?"

"ఎవడూ పడుకోకూడదని."

వెల్డరు సైకిలు స్టాండు వైపు చూశాడు. అక్కడ మూడు చక్రాల సైకిలు తొట్టిలో, పక్కకి ఒరిగిపోకుండా తువ్వాలుతో కట్టిన అతని భార్య కూర్చుని ఉంది.

"మా ఆవిడకి పక్షవాతం సార్. నా మీద వాలితేగానీ కూర్చోలేదు."

ఇంజినీరు ఆ తువ్వాలు ముడి వంక కాసేపు చూశాడు. తర్వాత సమ్మెట లాక్కుని, సగం ఊడిన కడ్డీ మీదికి ఎత్తాడు.

"జరుగు. ఇంకా నలభై బెంచీలున్నాయి."