కొలత తప్పని కన్ను

"అక్కా, ఆ బెంచీ మీద కూచోవాకు!"

భార్గవి వేసిన కేకకు, అప్పుడే అంగట్లోకి వచ్చి కూర్చోబోయిన ఆడమనిషి ఉలిక్కిపడింది.

"ఏమీ అనుకోవద్దక్కా. పులివెందుల నుంచి మా అక్క వస్తాంది. శానా లావు మనిషి. మామూలు కుర్చీలో పట్టదని ఆయమ్మకు పెట్టించినా. నువ్వు ఈ పరుపు మీద కూచో."

వచ్చినామె సన్నగా, చలాకీగా ఉంది. ఏదో చెప్పబోయి ఆగి, చిన్నగా నవ్వి, పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

ఆ కూర్చోవడం చూసి భార్గవికి కుళ్ళు పుట్టింది.

పుట్టదా మరి! ప్రొద్దుటూరు బజార్లో బట్టల అంగడి పెట్టుకుని, పరుపు మీద కూర్చుని చీర విప్పి చూపించలేని యజమానురాలు తనొక్కతే. కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. ఒళ్ళు అంతుంది. దానికి తోడు షుగరు, మోకాళ్ళ నొప్పులు.

అందుకే సోమవారం కర్నూల్లో పొట్ట చిన్నది చేసే ఆపరేషను. ఆసుపత్రి వాళ్ళు ముందుగానే ఫోన్లో ఒక యాప్ వేసి ఇచ్చారు. తినే పళ్ళెం ఫోటో తీసి పెట్టాలి. ఎంత నడిచిందీ చూపించాలి. ఆపరేషను అయ్యాక కూడా ఇదే తంతు. ధైర్యం చెప్పడానికి, అది చేయించుకున్న మనిషినొకరిని జత చేస్తారు.

భార్గవికి జతపడింది తస్లీమా.

యాప్‌లో రాసుకోవడమే తప్ప మాట్లాడుకునే వీలు లేదు. అయినా మొగుడికి చెప్పుకోని భయాలన్నీ భార్గవి ఆమెకే రాసుకుంది. ఒక్క అనుమానం మాత్రం తీరలేదు. ఫోటోలో తస్లీమా ఇప్పటికీ తనకంటే లావుగానే ఉంది!

"తగ్గినా, తగ్గినా అంటావు. ఫోటో మార్చవేమక్కా?" అని అడగనే అడిగింది.

"ఈ కాలంలో ఫోటోలను ఎవురు నమ్ముతారు? శనివారం నేనే వస్తా. కండ్లారా సూడు," అని జవాబు.

ఇంకేముంది, భార్గవి మంకుపట్టు పట్టింది. తస్లీమా వచ్చి కనబడితేనే ఆపరేషను, లేదంటే లేదు. ఆ దెబ్బకు మొగుడు అభిరామ్ పక్క హోటల్లోని బెంచీని తానే మోసుకొచ్చి వేశాడు.

"ఏం చూపించమంటావక్కా?" అంది భార్గవి, పరుపు మీద కూర్చున్న ఆమెతో.

"జాకెట్టు గుడ్డ."

భార్గవి ఆమెను పైనుంచి కిందికి ఒక్క చూపు చూసి, టేపు ముట్టకుండా సర్రున చింపింది.

"కొలవవా?"

"ఊహ తెలిసినప్పటి నుంచి ఈ అంగట్లోనే ఉండా. మనిషిని చూస్తే చాలు, నా కన్ను కొలత తప్పదు." భార్గవి పక్కనే ఉన్న పొట్లం కూడా విప్పింది. "ఇదిగో, ఇది మా అక్కకు. ఫోటో చూసి చింపినా. అతికినట్టు సరిపోతాది!"

ఆమె ఆ నీలం గుడ్డ మడతలు విప్పింది. విప్పేకొద్దీ వస్తూనే ఉంది. నవ్వు ఆగక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భార్గవికి ఒళ్ళు మండింది.

"ఏందక్కా ఆ నవ్వు? లావుండేటోళ్ళంటే అంత ఎగతాళా? ఆయమ్మ మనసు నీకేం తెలుసు! నేను ఏడ్చినప్పుడల్లా ఆమె ధైర్యం చెప్పింది. నీ మాదిరి పుట్టుకతో సన్నంగా ఉండేటోళ్ళకు మా బాధ యాడ తెలుస్తాది?"

ఆమె నవ్వు ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆపరేషనంటే భయమా చెల్లీ?"

"భయం కాదా? కోసుకున్నంక కూడా ఈ ఒళ్ళు ఇట్లే ఉంటే? అందుకే ఆయమ్మను నా కండ్లతో చూడాల."

"చూస్తావులే," అంటూ ఆమె దేన్నీ పట్టుకోకుండా లేచి, తన గుడ్డ తీసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అయింది. సాయంత్రం అయింది. అంగడి ముందు ఆటో ఆగినప్పుడల్లా భార్గవి తల తిప్పి చూసింది. ఒక్క లావు మనిషీ దిగలేదు.

"రాదు! తగ్గలేదు కాబట్టే మొహం చూపించలేదు," అంది భార్గవి మొగుడితో. "నమ్మి మోసపోయినా. ఆపరేషనూ లేదు, గీపరేషనూ లేదు! ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పేయ్."

అభిరామ్ హోటల్లో తిరిగి ఇచ్చేద్దామని బెంచీ ఎత్తుకున్నాడు.

అప్పుడే ఫోన్ టింగుమంది. తస్లీమా రాసింది. నాలుగు మాటలతో కడిగేద్దామని భార్గవి విసురుగా ఫోన్ అందుకుంది.

"ఊర్లో పనులు చూసుకొని ఇప్పుడే బస్సెక్కినా చెల్లీ. పేరు చెప్దామని నోరు తెరిచినా, నువ్వు చెప్పనిస్తే గదా! సోమవారం నిమ్మళంగా పోయి ఆపరేషను చేయించుకో. పొద్దున నీ ఎదురుగా పరుపు మీద కూచుంటే, పుట్టుకతోనే సన్నమనుకొని నన్ను తిడితివే, అంత తియ్యటి మాట నాకు ఇంతవరకు ఎవురూ అనలేదు."