గంధకం లెక్క

“మళ్లీ చెప్పండి. ఆక్సిజన్‌కి ఆక్సీకరణ సంఖ్య ఎంత?”

“మైనస్ రెండు. నాలుగున్నాయి కాబట్టి మైనస్ ఎనిమిది.”

“హైడ్రోజన్‌కి?”

“ప్లస్ ఒకటి. అవి రెండు.” దయానిధి మెహెర్ వేళ్లు మడిచాడు. ముప్పై ఐదేళ్లుగా నూలుకు రంగులు వేసిన చేతులు. గోళ్లలో నీలం దిగిపోయింది. “మిగిలింది ఆరు. సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో గంధకం ప్లస్ ఆరు.”

“సరిగ్గా చెప్పారు,” అంది కుముదిని.

అతను నవ్వలేదు. మెచ్చుకున్నా మొహంలో ఏ మార్పూ లేని విద్యార్థి ఆమెకు ఇతనొక్కడే.

కుముదిని ఒడిశాలోని బర్గఢ్‌లో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంది. సాయంత్రాలు ఇంటి వసారాలో ట్యూషన్. మూడు వారాల కిందట, పిల్లలు వెళ్లిపోయాక, ఇతను చెప్పులు విప్పి మెట్ల కింద నిలబడ్డాడు.

“దిదీ, ఆమ్లమంటే ఏంటో, క్షారమంటే ఏంటో నాకు నేర్పాలి. ఏడో తరగతితో చదువు మానేశాను.”

“ఇప్పుడెందుకండీ?”

“కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఝిలి మా రంగుల షెడ్డులో, రంగు అంటకూడని చోట్ల నూలుకు ముడులు కట్టేది. పంతొమ్మిదేళ్లు. మొహం కాలిపోయింది.”

బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పాడు. ఇరవై మైళ్ల అవతల ఏదో నేతగాళ్ల ఊళ్లో ఓ కుర్రాడు అమ్మాయి మీద యాసిడ్ పోశాడని పేపర్లో చదివిన గుర్తు. కుముదిని ఇంకేమీ అడగలేదు. అలాంటి మనిషిని ఏమని అడుగుతారు? లిట్మస్ కాగితాలు తెచ్చి పాఠం మొదలుపెట్టింది.

ఇప్పుడతను జేబులోంచి ఒక కాగితం తీశాడు. ప్రయోగశాల రిపోర్టు నకలు.

“చున్నీ మీద సల్ఫేటు దొరికిందని రాశారు. అందులోనూ గంధకం ఆరే కదా?”

“ఆరే.”

“కుర్రాడి వకీలు ఏమంటాడంటే, యాసిడ్ ఎవరూ పోయలేదు, రంగు తొట్టి ఒలికి పిల్ల మీద పడిందంటాడు. నేను బజారు నుంచి వచ్చేసరికి తొట్టి బోర్లా పడే ఉంది.”

“తొట్టిలో ఏముంటుంది?”

“కాస్టిక్ సోడా, హైడ్రోస్ పొడి. అవి లేకపోతే నీలం నీళ్లలో కరగదు.”

కుముదిని పలక మీద రాసి చూపించింది. “హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. అందులో గంధకం ప్లస్ మూడు. గాలి తగిలితే మెల్లగా నాలుగవుతుంది, ఆఖరికి ఆరవుతుంది. అంటే అదీ సల్ఫేటుగానే మిగులుతుంది.”

“అయితే ఆ సల్ఫేటు తొట్టిలోదే కావచ్చా?”

“ఈ రిపోర్టు ఒక్కటే చూస్తే, కావచ్చు.”

“కావచ్చా, దిదీ?” మళ్లీ అడిగాడు. పక్కన చల్లారిపోయిన టీ అందుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. ఇన్ని రోజుల్లో అతను ఆమె ఇంట్లో ఏదైనా ముట్టడం అదే మొదలు.

కుముదినికి అర్థమైంది. పగబట్టి ఎవరూ చేయలేదంటే, ఏ తండ్రికైనా అది కాస్త ఊరటే.

“ఆ వకీలు ఇంటికి కూడా వస్తున్నాడు,” అన్నాడతను. “తొట్టి ఒలికిందని నేనొక్క మాటంటే చాలట. అందరికీ మంచిదట.”

“సిగ్గులేదూ ఆ మనిషికి!”

దయానిధి రిపోర్టు మడతలు సరిచేసుకున్నాడు.

“ఇంతకీ ఆ చున్నీ ఏ నూలు?” అడిగింది.

“పత్తి. మా మగ్గం మీదదే.”

“ఎలా ఉంది? మీరు చూశారా?”

“భుజం దగ్గర పొడిపొడిగా రాలిపోతోంది.”

అనేసి కాగితం జేబులో పెట్టేసుకున్నాడు. మర్నాడు కుముదిని కాలేజీ ల్యాబు నుంచి రెండు సాసర్లు తెచ్చింది. రెండింట్లోనూ నానబెట్టి ఆరబెట్టిన పత్తి దారాలే. ఒకటి కాస్టిక్ నీళ్లలో, ఇంకొకటి పలచని యాసిడ్‌లో.

దయానిధి మొదటి దారం లాగాడు. తెగలేదు, పైగా మెరుస్తోంది. రెండో దారం ముట్టుకోగానే వేళ్ల మధ్య పిండైంది.

“నాకు తెలుసు, దిదీ,” అన్నాడు అరచేయి చూసుకుంటూ. “రోజూ కాస్టిక్‌లో ఉడకబెట్టే నూలే కదా. దానికేం కాదు. పట్టుబట్టయితే పాడయ్యేది. తెలిసి కూడా మరోలా తేలుతుందేమోనని మీ దగ్గరకొచ్చాను.”

“క్షారం కాదు. ఆమ్లమే.”

“ఆజ్ఞా,” అంటూ అవునన్నట్టు తలూపాడు.

పొడి దులుపుకోలేదు. వీధిలో ఎవరో సైకిల్ మీద వెళ్తూ బెల్లు కొట్టారు.

“సాక్ష్యం ఎప్పుడు?”

“రేపు పదకొండింటికి.”

“చెబుతారా?”

“చెబుతాను. తొట్టిని ఆ తర్వాత ఎవరో బోర్లించారని కూడా చెబుతాను. షెడ్డులో మేం వాడే యాసిడ్ సీసా సగమైందని కూడా.”

“ఇంట్లో ఆవిడకి చెప్పారా?”

“మూడు నెలలుగా మాట్లాడదు. పఖాళ చద్దన్నం గిన్నె ముందు పెట్టి వెళ్లిపోతుంది.”

“ఆవిడ కడుపుకోత ఆవిడది.”

“అవును, దిదీ.”

లేచి చెప్పులు వేసుకున్నాడు. కుముదిని మెట్ల దాకా వచ్చింది. ఏదో ఒకటి అనకుండా పంపబుద్ధి కాలేదు.

“ఆ కుర్రాడి కళ్లలోకి చూసి చెప్పండి, మెహెర్ బాబూ. భయపడకండి. మీలాంటి తండ్రి ఉన్నందుకు ఝిలి అదృష్టవంతురాలు.”

అతను గేటు మీద చెయ్యివేసి నిలబడిపోయాడు.

“ఝిలి వాళ్ల నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు, పిల్ల దగ్గర,” అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. “నేను ఆ కుర్రాడి తండ్రిని.”