మూతకో సంతకం

“అక్కడే ఉండండి! కదిలారంటే మర్యాదగా ఉండదు!” అని అరిచింది టైలరమ్మ.

మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డ ఆ మనిషి కదల్లేదు. ముక్కుదాకా దిగిన రెయిన్‌కోటు టోపీ, పైకి మడిచిన ప్యాంటు, చేతిలో ఆమె దుకాణం షట్టరు లాగే ఇనప కొక్కెం. ఆయన కాళ్ల ముందు, బురదనీళ్ల కింద, మ్యాన్‌హోల్‌కి మూత లేదు. గుర్తుగా పెట్టిన స్టూలు ఇందాకే కొట్టుకుపోయింది.

ఆయనెవరో ఏమో, అరగంట క్రితం ఇటుగా వస్తూ అందులో పడబోయి తమాయించుకున్నాడు. చేతిలో ఫోను మాత్రం లోపలికి పోయింది. పాపం, అప్పట్నుంచీ వచ్చేపోయే వాళ్లను పక్కకి తప్పిస్తూ అక్కడే పాతుకుపోయాడు.

మూడున్నరయింది. నాలుగింటికి బడి వదుల్తారు. పిల్లలంతా ఈ సందులోంచే పరిగెత్తుకొస్తారు. నీళ్లు కనిపిస్తే చాలు, గెంతడంలో అందరికంటే ముందుండేది టైలరమ్మ ఏడేళ్ల కూతురు. అది తలుచుకుని ఆమె మళ్లీ మళ్లీ ఫోను చేసింది. మున్సిపల్ ఆఫీసు ఫోనేమో మోగుతూనే ఉంది, ఎత్తే దిక్కు లేదు.

“ఆఫీసుకి నేను వెళ్తానమ్మా. నేను చెబితే...”

“ఆ, మీరు చెబితే ఇచ్చేస్తారు మరి! ఇలాగే వెళ్తామన్నవాళ్లు ముగ్గురు. ఒక్కరైనా తిరిగొచ్చారా? నేనిక్కడ నిలబడితే ఈ నీళ్ల జోరు నన్నే లాక్కుపోతుంది. మీరుండండి, నేను పోయొస్తా.”

“అది కాదమ్మా, కనీసం నా పేరు...”

“మీ పేరుతో నాకేం పని బాబూ!” అంటూ గొడుగు తీసుకుని పరుగందుకుంది.

ఆఫీసు పక్క వీధే. స్టోరులో కొత్త మూతలు గోడకి ఆనించి వరసగా ఉన్నాయి. స్టోర్‌కీపరు గబగబా ఓ కాగితం నింపి ఆమె చేతిలో పెట్టాడు.

“బండి సిద్ధంగా ఉందమ్మా. చైర్మన్‌గారి సంతకం తెచ్చావంటే ఐదు నిమిషాల్లో మూత వేయిస్తా.”

“పిల్లలు పడి చస్తారయ్యా అంటే సంతకమంటావేంటి!”

“మూతలు దొంగచాటుగా అమ్ముకుంటున్నారని కొత్త చైర్మన్‌గారు రాగానే పెట్టిన రూలు. ఆయన సంతకం లేకుండా మేకు బయటికెళ్లినా నా ఉద్యోగం ఊడుతుంది.”

“మరి ఏరీ ఆయన?”

“భోజనాలప్పట్నుంచీ పత్తా లేరు. ఇంట్లోనూ లేరట.”

టైలరమ్మకి అరికాలిమంట నెత్తికెక్కింది. కాగితం జాకెట్లో దోపుకుని వెనక్కి పరిగెత్తింది.

నాలుక్కి పది నిమిషాలుంది. ఆయన చలికి గజగజ వణుకుతూనే ఓ ముసలాయన్ని చెయ్యి పట్టుకుని దాటిస్తున్నాడు.

“మూతలున్నాయి, బండుంది, సంతకం పెట్టే మహానుభావుడే లేడు!” అంది రొప్పుతూ. “ఎక్కడో దుప్పటి ముసుగేసి పడుకునుంటాడు. అలాంటివాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టినందుకు మనల్ని అనాలి. నా బిడ్డకేమన్నా అయిందో, ఆ కుర్చీతో సహా ఈ గోతిలోకే తోస్తా!”

అంటూనే ఏడ్చేసింది.

ఆయన అంతా విన్నాక, “ఆ రూలు తప్పేనమ్మా,” అన్నాడు.

కాగితం అడిగి తీసుకుని, ఆమె కొలతలు రాసుకునే పెన్నుతో, గొడుగు కింద, నిలబడ్డచోటు నుంచి అంగుళం కదలకుండా, ‘చైర్మన్’ అని ఉన్నచోట సంతకం పెట్టాడు.