బుడ్డోడి సాక్సు

ఇంకా ఏడాదైనా నిండని బుడ్డోడికి తెల్లారేసరికి సముద్రం చూపించాలని అమ్మానాన్నలు రాత్రికి రాత్రే కారెక్కారు. వాళ్ల సంబరానికి పట్టపగ్గాల్లేవు. వెనక తన బుల్లి సీట్లో బెల్టు బిగించి కూర్చోబెట్టిన వాడు కూడా కాళ్లాడిస్తూ ఒకటే కేరింతలు.

"ఏమండీ, మనవాడు మళ్లీ ఒక కాలి సాక్సు తన్ని పారేశాడు!" వెనక్కి తిరిగి చూసిన అమ్మ పకపకా నవ్వింది.

"ఉండనీలే. ఎక్కడైనా ఆగినప్పుడు తొడుగుదువుగాని," అన్నాడు నాన్న.

దారి పొడవునా ఒక్క దీపం లేదు. ఇద్దరూ గొంతెత్తి పాటలు పాడుకుంటూ పోయారు. కాసేపటికి అమ్మ కారు లోపలి లైటు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది.

బుడ్డోడి ఆ కాలికి మళ్లీ సాక్సు ఉంది. చీలమండ దాకా నీటుగా లాగి, పైన అంచు కూడా మడిచి ఉంది.

"మీరు తొడిగారా?"

"స్టీరింగ్ వదిలేసా? అసలు కారెక్కడ ఆపాం?"

అమ్మ చూస్తుండగానే బుడ్డోడు రెండో కాలి సాక్సు కూడా తన్ని పారేశాడు. కిలకిలా నవ్వుతూ, పక్కనున్న ఖాళీ సీటు వైపు ఆ వట్టి కాలు చాచాడు.

ఒక్క క్షణం కుదురుండని ఆ కాలు, తొడిగించుకోవడానికి కదలకుండా ఆగింది.