దీవులకు వంటమనిషి

"వంటమనిషివేనా? ఉస్మాన్‌గంజ్ సేటు పంపిండా?"

గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన నోరు తెరిచాడు. "కాదు సేటూ, నేను చెప్పేది జర..."

"ముందు ఉప్మా, తర్వాత ముచ్చట్లు. స్టవ్ గాడ ఉంది" అన్నాడు బాలకిషన్.

ఆబిడ్స్‌లో అతనిది చిన్న టూర్ల ఆఫీసు. కాశీకైనా కశ్మీరుకైనా వంటమనిషి లేనిదే బస్సు కదలనివ్వడు. ఈసారి కరేబియన్ సముద్రం. సెయింట్ కిట్స్, నెవిస్ అనే జంట దీవులు. మనవాళ్లెవరూ పెద్దగా వెళ్లని చోటు.

కోరింది వసుమతి టీచరు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు పటంలో చూపించిన దీవుల్లో ఒక్కసారి కాలు పెట్టాలని ఆవిడ ఆశ. తోడు మరో పదకొండు మంది రిటైర్డ్ టీచర్లు. అందరూ శాకాహారులే.

నెవిస్‌లో ఒక లాడ్జి దొరికింది. వంటిల్లు వాడుకోనిస్తారా అని రాస్తే నెల రోజులుగా జవాబు లేదు. రేపటికి రాకపోతే టూరు రద్దే.

పెద్దాయన నవ్వుకుంటూ చొక్కా చేతులు మడిచాడు. పావుగంటలో ఉప్మా వచ్చింది.

బాలకిషన్ చెంచాతో కెలికాడు. "గిదేంది? ఉండలు కట్టింది!"

"రుచి బాగానే ఉందండీ" అంది ఎదురు కుర్చీలో తనూ ఉప్మా తింటున్న వసుమతి.

"మీకు తెల్వది టీచరమ్మా. గీడనే గిట్లుంటే గాడికి పోయినంక ఎట్లుంటది? నా మనుషులకు ఉండల ఉప్మా పెట్టను. నువ్ పో పెద్దాయనా."

"ఔ సేటూ, కట్టింది" అని ఒప్పుకుని, గిన్నె కడిగి బోర్లించి మరీ వెళ్లాడాయన.

"పాపం, పేరైనా అడగలేదు" అని వసుమతి నొచ్చుకుంది.

మర్నాడు రద్దు కాగితం మీద సంతకానికి వచ్చింది. కలం తీసిందే గానీ చెయ్యి రావడం లేదు.

అంతలో బాలకిషన్ ఫోన్ టింగుమంది.

"టీచరమ్మా, లాడ్జి నుంచి! జర చదువుండ్రి!"

ఆశ్చర్యం, తెలుగులో ఉంది. వసుమతి పైకి చదివింది.

"సేటూ, మాది నాంపల్లే, మొన్ననే నెవిస్ నుంచి ఊరికొచ్చిన. వంటిల్లు ఎసొంటోళ్ల చేతుల పెడుతున్ననో చూద్దామని నిన్న మీ ఆఫీసుకొచ్చిన. ఉండలు కట్టిందని గంత పట్టుబట్టే మనిషికి కండ్లు మూసుకొని ఇయ్యొచ్చు. పన్నెండు మందీ రాండ్రి. వంటమనిషిగ ఫెయిలైన గానీ, లాడ్జి ఓనర్‌గ పనికొస్తనేమో జర చూడు."